మోటారు పెట్టించాక

పూర్ణా మార్కెట్ వెనక సందులో
మంచమంత కొట్టు నాది.
ముప్పై ఒక్క ఏళ్ళు
ఇనప పెడలు మీద పాదాలు ఆడించాను.
ఎంత దూరం తొక్కానో నేను లెక్కగట్టలేదు గానీ
మా పైడమ్మ అంటుంది:
"కలకత్తా ఎల్లి రెండు మార్లు తిరిగొచ్చీవోడివి,
కుర్చీలోంచి లేవకుండానే."

తర్వాత మోటారొచ్చింది.
బొటనవేలు ఆనిస్తే చాలు
రవికె పరుగెత్తింది.
నేను ఆగిపోయాను.

ఎవరి నడుమైనా టేపుతో చుట్టి
మర్యాదకి అరంగుళం వదులు రాస్తాను.
నా నడుముకి ఆ టేపు
ఎప్పుడు పొట్టిదైపోయిందో చూసుకోలేదు.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ
చీటీలో మందుల కింద ఇంకో లైను రాసింది.
రోజూ అరగంట నడక.
మందులు షాపులో ఇచ్చారు.
ఆఖరి లైను ఏ షాపులోనూ దొరకలేదు.

రేపట్నుంచి అన్నాను.
పెళ్ళిళ్ళ సీజను పోనీ అన్నాను.
ఉక్కపోత అన్నాను, ఈ ఊళ్ళో దానికేం కొదవ!
మోకాలి పేరు చెప్పాను.
నొప్పి లేకపోయినా పాపం
అది సాక్ష్యానికొచ్చింది.

ఒక్కసారి వెళ్ళాను.
బళ్ళు ఆపేసిన బీచి రోడ్డు మీద వేకువనే
ఊరు ఊరంతా చేతులూపుకుంటూ పోతోంది.
తెల్ల బూట్లు, చెవుల్లో తీగలు.
నాకంటే ముందు నా హవాయి చెప్పులు సిగ్గుపడ్డాయి.
సన్యాసినాయుడు సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టి
ఇడ్లీ బండి దగ్గర ముగిస్తాడు.
"నడిసాం కదేటి, రెండు గారెలకి తప్పేటి?"
నూకరాజు ఆషాఢ పున్నమికి
సింహాచలం కొండ చుట్టూ రాత్రంతా నడుస్తాడు,
ఏడాది బాకీ తీరినట్టు
మర్నాటి నుంచి స్కూటరు దిగడు.

పెదజాలరిపేట వరహాలమ్మ
నెత్తిన చేపల తట్ట దించకుండానే నవ్వింది.
"పొద్దల్లా నడుస్తానే ఉన్నాను కదా బాబూ,
మరి నాకెందుకొచ్చిందీ సుగరు?"
నా దగ్గర జవాబు లేదు.
డాక్టరమ్మ దగ్గర ఉందేమో,
అక్కడ లైన్లో కూర్చునే పూట
వరహాలమ్మ దగ్గర లేదు.

మా పై వాటాలో హైమావతి గారు
చీకటి పడ్డాక డాబా మీద తిరుగుతారు.
గాజులు మోచేతి దాకా తోసుకుంటారు, చప్పుడు కాకుండా.
కింద పడుకుని అడుగులు లెక్కపెడతాను.
ఒక రోజు నాలుగు వందలు,
ఒక రోజు నాలుగు.
నాకు తెలుసని ఆవిడకి తెలీదు.
నాకూ అదే జబ్బని కూడా తెలీదు.

ఆ రాత్రి కాళ్ళు కడుక్కుని మంచం మీద జాపితే
పైడమ్మ కెవ్వుమంది.
అరికాల్లో గుండుసూది.
తలదాకా దిగిపోయి ఉంది.
పొద్దున్నో, నిన్ననో.
సూదితోనే బతికినవాణ్ణి,
వేలికి ఇంత గుచ్చుకుంటే
దాని అమ్మనీ అక్కనీ తిట్టినవాణ్ణి.
ఈసారి సూది పిలిచింది,
నాకు వినపడలేదు.

ఇప్పుడైనా రోజూ నడుస్తున్నానని చెప్పను.
వారానికి మూడు రోజులు నిజం,
నాలుగోది పైడమ్మతో చెప్పే అబద్ధం.
కుట్టిన రవికెలు సంచిలో వేసుకుని
ఆటో వాడు పిలుస్తున్నా జగదాంబ దాకా పోతాను,
ఓపికుంటే పందిమెట్ట దాకా.
ఇంటికొచ్చి చేతి అద్దం కింద పెట్టి
అరికాళ్ళు చూసుకుంటాను,
తప్పు కుట్టు ఎక్కడుందో వెతికినట్టు.

మొన్న కరెంటు పోయింది.
సొరుగులోంచి పాత తోలు బెల్టు తీసి తగిలించాను.
పెడలు కిర్రుమంది.
పాదానికి సగమే తెలిసింది,
మిగతా సగం గుర్తుంది.
జాకెట్టు చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది,
చెమట కళ్ళలోకి దిగింది.

నెత్తిమీద ఫ్యాను తిరుగుతోందని
చాలాసేపటికి గానీ చూసుకోలేదు.